ఆ కథని ఎవరో బ్లేడుతో కోసుకెళ్ళారు

సంపాదకులు గారికి,

నమస్కారం. నాది చీపురుపల్లి, విజయనగరం జిల్లా. 31 ఏళ్ళు శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ పొద్దున్నే ఎనిమిదింటికల్లా మా ఊరి రీడింగ్ రూముకి వెళ్తాను. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయికి పేపర్లు విడదీసి బల్లల మీద పరచడంలో చేతి సాయం చేస్తాను.

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో ఒక కథ వచ్చింది. సెల్‌ఫోన్ దొంగిలించాడని ఒక కుర్రాడిని వీధిలో కరెంటు స్తంభానికి కట్టేసిన కథ. మూడు వారాల పాటు దాని మీద ఉత్తరాలు వేశారు కాబట్టి మీకు గుర్తు చెయ్యక్కర్లేదు. ఆ కథ వచ్చిన మర్నాడు, సోమవారం పొద్దున్న నేను వెళ్ళేసరికి మా లైబ్రరీ ప్రతిలో ఆ పేజీ లేదు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో పేపర్లు పాడుచేసినవాళ్ళని చాలామందిని చూశాను. కోపంతో చింపితే అంచు వంకరటింకరగా పోతుంది, పక్క పేజీ కూడా కొంత ఊడొస్తుంది. దాచుకోవాలనుకున్నవాడు బ్లేడు తెచ్చుకుంటాడు. స్కేలు దొరక్కపోతే ఏ అట్ట పుస్తకమో ఆనించి గీస్తాడు. ఈ పేజీ అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. కింద బల్ల మీద కూడా సన్నగా గీటు పడింది. ఉద్యోగాల నోటిఫికేషన్లు, పోటీ పరీక్షల బిట్లు అలా పోవడం మామూలే. ఒక కథ అలా పోవడం చూసి నాకు చాలా ఏళ్ళయింది.

అదే రోజు అదే గదిలో, హెడ్మాస్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన నన్ను చూసి, "ఆ కథ చదివేరా అమ్మా? ఇంటికి పేపరు మానిపించేశాను" అన్నారు. ఆయన చేతులు కొంచెం వణుకుతున్నాయి. ఆ కథ కోసం బ్లేడు తెచ్చుకున్నవారూ, ఆ కథ వల్ల పేపరు మానేసినాయనా ఇద్దరూ మా ఊరివాళ్ళే. ఇద్దరూ ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళే.

ఈ ఉత్తరం రాయడానికి కారణం మాత్రం ఆ కథ కాదు. మూడో వారం ఉత్తరాల కింద మీరు వేసిన రెండు వాక్యాలు. పాఠకుల మనోభావాలను దృష్టిలో పెట్టుకుని ఇకపై ఇటువంటి కథల ఎంపికలో జాగ్రత్త వహిస్తామన్నారు. ఈ చర్చను ఇంతటితో ముగిస్తున్నామన్నారు. అయ్యా, ఆ రెండు వాక్యాలనూ వెనక్కి తీసుకోమని అడగడానికే రాస్తున్నాను.

ముందు కోపం వచ్చినవాళ్ళ మాట చెప్తాను. వాళ్ళని తేలిగ్గా తీసెయ్యడం నాకు ఇష్టం లేదు. మా కోడలికి ఆ కథ నచ్చలేదు. ఆ రోజంతా ముభావంగానే ఉంది. మా మనవరాలికి పదేళ్ళు. ఆదివారం వస్తే మీ అనుబంధంలో తేడాలు కనిపెట్టే బొమ్మ కోసం కాచుకుని ఉంటుంది. ఆ బొమ్మ పేజీకి వెనకవైపే ఈ కథ వేశారు మీరు. పిల్ల కత్తెరతో బొమ్మ కత్తిరించుకుని, వెనక్కి తిప్పి చదివి, "నానమ్మా, ఆ అన్నయ్య నీళ్ళడిగితే ఎందుకివ్వలేదు?" అంది. మా కోడలు నాకేసి చూసింది. నేను జవాబు చెప్పలేకపోయాను. పిల్లల పేజీ వెనక అలాంటి కథ వెయ్యకూడదు. పేజీలు సర్దేవాళ్ళు కాస్త చూసుకుంటే పోయే తప్పు ఇది. ఈ విషయంలో మాత్రం మీకు కోపంగా ఉత్తరాలు రాసిన తల్లులందరి పక్షాన నేనూ ఉన్నాను.

మిగతా ఉత్తరాలు వేరు. ఆదివారం పూట కాఫీ తాగుతూ చదివే పేజీలో ఈ రక్తం గొడవ ఏంటని ఒకరు రాశారు. విజయనగరం నుంచే ఇంకొకరు, మనది గురజాడని కన్న నేల, ఆయన నవ్విస్తూ దారి చూపించారు తప్ప ఇలా గుండెలు పిండలేదు అని రాశారు. గురజాడ వారి పేరు తలుచుకున్నందుకు నాకు సంతోషమే. కానీ ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనే రాసిపెట్టారు. 'కన్యాశుల్కం' నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. ఆ మొదటి కూర్పుకి ఆయన ఇంగ్లిష్‌లో ముందుమాట రాశారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితాని విజయనగరం మహారాజావారు తయారు చేయించారట. మూడేళ్ళలో లెక్కకి వచ్చినవి 1,034. అందులో 99 మంది పెళ్ళికూతుళ్ళకి అయిదేళ్ళు. 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ఆరుగురికి రెండేళ్ళు. ముగ్గురికి ఏడాది వయసు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు కుదిరేవని అక్కడే రాశారు. గిరీశం మాటలకి నేనూ నవ్వుతాను. ఆ ముందుమాట చదివాక, నవ్విన ప్రతిసారీ ఆ ఏడాది పిల్లలు ముగ్గురూ గుర్తుకొస్తారు.

ఇక మా హెడ్మాస్టరు గారి కోపం. దాని దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను, అది తేలిగ్గా జవాబు దొరికే కోపం కాదు.

మా లైబ్రరీ వరండాలో నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం పది పదిహేను మందిమి కూర్చుంటాం. ఒకరు కథ పైకి చదువుతారు, మిగతావాళ్ళం వింటాం. టిఫిన్ దుకాణం నడిపే ఆవిడ వస్తుంది, ఇద్దరు ముగ్గురు రైతులు వస్తారు, ఆటో నడిపే ఒకతను కిరాయిలు లేకపోతే వస్తాడు. కాళీపట్నం రామారావు గారు, అదే మా కారా మేస్టారు, 2021 జూన్ 4న పోయారు. కరోనా గొడవ సద్దుమణిగి మళ్ళీ కూర్చోవడం మొదలుపెట్టాక ఆయన 'యజ్ఞం' చదువుకున్నాం. 1964 నాటి కథ అది. రెండు ఆదివారాలు పట్టింది. హెడ్మాస్టరు గారే చదివారు. చివర సీతారాముడు తన పసిబిడ్డని తానే చంపేస్తాడు కదా, అప్పు కింద ఆ బిడ్డ కూడా పాలేరు బతుకు బతకకూడదని. అక్కడికొచ్చేసరికి ఆయన గొంతు ఆగలేదు, వణకలేదు. చివరిదాకా చదివి పుస్తకం మూసి, "ఇదమ్మా కథంటే" అన్నారు. టిఫిన్ దుకాణం ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మూడు నెలలు రాలేదు. ఒక రైతుకి బిడ్డ చావు కన్నా అప్పు లెక్కే పట్టుకుంది. వడ్డీ ఎలా పెరిగిందో మళ్ళీ చదవమని రెండుసార్లు అడిగాడు. ఒకే వరండాలో, ఒకే గొంతు విని, ఎవరికి తగలాల్సింది వాళ్ళకి తగిలింది. ఆ కథ ఉన్న పుస్తకం 'యజ్ఞంతో తొమ్మిది'కి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అయినా ఆ ముగింపు న్యాయమా అన్యాయమా అని మా వైపు ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు.

అందుకని నేను హెడ్మాస్టరు గారిని అడిగాను, "మేస్టారూ, పసిబిడ్డని చంపిన కథని మాకు చదివి వినిపించారు. ఒక కుర్రాడికి నీళ్ళివ్వని కథ మీకెందుకు సహించలేదు?" అని.

ఆయన వెంటనే అన్నారు: "దానికి కారణం ఉందమ్మా. అప్పుంది, భూమి ఉంది, ఊరి పెద్దలున్నారు. ఎవడు ఎందుకు ఏం చేశాడో మేస్టారు పైసలతో సహా చూపించారు. దీన్లో ఏముంది? జనం కొట్టారు. ఎందుకు కొట్టారు? ఊరికే. ఊరికే కొట్టేవాళ్ళ గురించి నేనెందుకు చదవాలి?"

ఆయన మాటలో నిజముంది. మీరు వేసిన కథలో ఆ కుర్రాడు ఫోన్ తీశాడో లేదో రచయిత చెప్పలేదు. కొట్టినవాళ్ళకి అతనితో పాత కక్ష లేదు, వాళ్ళకి వచ్చే లాభం లేదు. కొంతమంది కొడుతున్నారు, చాలామంది ఫోన్లలో తీస్తున్నారు. ఒక ముసలావిడ చెంబుతో నీళ్ళు తెస్తే ఎవరో "ఇవ్వకు, ఇవ్వకు, పోలీసులు రానీ" అంటారు, ఆవిడ చెంబు అక్కడే పెట్టేసి వెళ్ళిపోతుంది. కథ చెప్తున్నవాడు కూడా ఫోన్ పట్టుకున్నవాళ్ళలో ఒకడే. మీకు వచ్చిన ఉత్తరాల్లో కనీసం నాలుగింటిలో నేను చూశాను, ఒకటే ప్రశ్న: ఇంతకీ ఆ కుర్రాడు దొంగా కాదా?

ఆ ప్రశ్న చూశాక నాకు అమెరికా కథ ఒకటి గుర్తొచ్చింది. మా అమ్మాయి డిగ్రీలో ఉన్నప్పుడు జిరాక్స్ తెచ్చి ఇచ్చింది. నా ఇంగ్లిష్ అంతంత మాత్రం, డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రోజులు చదివాను. షిర్లీ జాక్సన్ రాసిన 'ది లాటరీ'. 1948 జూన్ 26న 'న్యూయార్కర్' పత్రికలో వచ్చింది. మూడు వందల మంది ఉన్న పల్లెటూరు. జూన్ 27, మంచి ఎండ కాసిన పొద్దు. పదింటికి ఊరంతా ఒకచోట చేరుతుంది, మధ్యాహ్నం భోజనాలకి ఇళ్ళకి వెళ్ళిపోవచ్చని. పాత నల్ల పెట్టెలోంచి చీటీలు తీస్తారు. నల్ల చుక్క ఉన్న చీటీ ఒక ఇల్లాలికి వస్తుంది. అందరూ కలిసి ఆవిడని రాళ్ళతో కొడతారు. ఎందుకో చెప్పదు రచయిత్రి. ఎప్పటి నుంచో చేస్తున్నారు కాబట్టి చేస్తున్నారు, అంతే.

ఆ వేసవిలో మూడు వందలకి పైగా ఉత్తరాలొచ్చాయట. అందులో దయగా మాట్లాడినవి 13 మాత్రమేననీ, అవి కూడా చాలావరకు స్నేహితులవేననీ ఆవిడే తర్వాత చెప్పుకుంది. మిగతా వాటిలో ఉన్నవి అయోమయం, రకరకాల ఊహలు, తిట్లు. పత్రిక మానేస్తామన్నవాళ్ళున్నారు. కథ మీ నాన్నకీ నాకూ నచ్చలేదని కన్నతల్లే రాసింది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ కథని నిషేధిస్తే, కనీసం వాళ్ళకైనా కథ అర్థమైందని ఆవిడ గర్వపడిందని ఆవిడ భర్త రాశాడు. ఇవన్నీ చదివి నేను ఆశ్చర్యపోలేదు. నన్ను కూర్చోనివ్వనిది ఇంకో రకం ఉత్తరం. ఈ లాటరీలు ఎక్కడ జరుగుతాయి, మేం వెళ్ళి చూడొచ్చా అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారట.

ఆ కథ చివర, రాళ్ళు ఏరుకుంటున్నప్పుడు, ఆ ఇల్లాలి చిన్న కొడుక్కి కూడా ఎవరో కొన్ని గులకరాళ్ళు చేతిలో పెడతారు. ఆ వాక్యం దగ్గర నేను జిరాక్స్ కాగితాలు మడిచి పెట్టేశాను. రెండు రోజులు ముట్టుకోలేదు. ఎందుకో ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

నాకు తొమ్మిదేళ్ళప్పటి మాట. మాది బొబ్బిలి దగ్గర చిన్న పల్లె. మా నాన్నకి సైకిల్ రిపేరు పని. ఊళ్ళో స్పానర్లు, గాలి పంపు, పట్టుకారు ఉన్న ఇల్లు మాదొక్కటే. ఆ వానాకాలం ఒకే వీధిలో ఇద్దరు పిల్లలు వాంతులు, విరేచనాలతో పోయారు. గోగు కట్టలు చెరువులో నానేసే రోజులు, ఊరంతా ఒకటే కంపు. తాగేనీళ్ళ నుయ్యి ఆ చెరువు గట్టునే ఉండేది, వాన గట్టిగా కురిస్తే మురుగంతా అందులోకే దిగేది. అది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు ఊరు అనుకున్నది వేరు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ చిల్లంగి పెట్టిందని. మిగతా జిల్లాలవాళ్ళకి చేతబడి అనో బాణామతి అనో చెప్తే తెలుస్తుంది. మా వైపు చిల్లంగి అంటాం.

ఆ ముసలమ్మ చింతపిక్కలు ఏరి అమ్ముకునేది. అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. నోరు కాలదా అని మేం పిల్లలం చుట్టూ చేరి చూసేవాళ్ళం. ఆవిడ చుట్ట తీసి, నోరు తెరిచి చూపించి నవ్వేది. పొగ పట్టి నల్లబడ్డా, పళ్ళు అన్నీ ఉండేవి.

చిల్లంగి తెలిసినవాళ్ళకి ముందు పళ్ళు పీకేస్తే మంత్రం సరిగ్గా పలకలేరని ఒక నమ్మకం ఉంది.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని చోడి అంబలి తాగుతున్నాను. వీధిలోంచి ఒకతను వచ్చి, "బావా, పట్టుకారు ఓపాలి ఇయ్యి" అన్నాడు. మా నాన్న ఎందుకని అడగలేదు. సైకిల్ చక్రం తిప్పి చూసుకుంటూనే, "గూట్లో ఉంది, తీసియ్యమ్మా" అని నాకు చెప్పాడు. నేను గిన్నె కింద పెట్టి, లేచి వెళ్ళి, గూట్లోంచి పట్టుకారు తీసి అతని చేతిలో పెట్టాను.

ఏం జరిగిందో నేను చూడలేదు. కాసేపటికి రామమందిరం వైపు నుంచి కేకలు వినిపించాయి. తర్వాత ఒక్క గొంతు వినిపించింది. మా అమ్మ నన్ను లోపలికి లాగి తలుపేసేసింది. మర్నాడు పొద్దున్న లేచేసరికి పట్టుకారు అరుగు మీద పెట్టి ఉంది. మా ఇంట్లో అది ఎప్పుడూ గ్రీజుతో నల్లగా ఉండేది. ఆ రోజు బూడిద పెట్టి తోమినట్టు తెల్లగా మెరుస్తోంది. పళ్ళ చక్రాల్లాగా గీతలుంటాయి చూడండి దాని నోట్లో, ఆ గీతల మధ్య బూడిద ఇంకా తడిగా ఉంది. మా నాన్న తీసి గుడ్డతో తుడిచి గూట్లో పెట్టాడు. ఆ మధ్యాహ్నమే దానితో ఎవరిదో బ్రేకు తీగ లాగి బిగించాడు.

ఆవిడ ఇంకో నెల్లాళ్ళు ఊళ్ళో ఉందేమో. తర్వాత కనబడలేదు. ఉన్నన్నాళ్ళూ చుట్ట కాల్చుకునేది. మాకు మాత్రం నోరు తెరిచి చూపించలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, మా నాన్న మంచాన పడ్డాక అడిగాను, "ఆ రోజు పట్టుకారు ఎందుకిచ్చావు నాన్నా?" అని. "అడిగేడు, ఇచ్చేను. నానివ్వకపోతే ఇంకో ఇంట్లో దొరకదేటి?" అన్నాడు. మంచివాడు మా నాన్న. పంక్చరు డబ్బులు లేనివాళ్ళని ఏనాడూ అడిగి ఎరగడు. "మరి ఆవిడకి నిజంగా చిల్లంగి వచ్చా?" అన్నాను. దూలాల వైపు చాలాసేపు చూసి, "ఏమో. వచ్చునేమో" అన్నాడు.

సంపాదకులు గారూ, మీకు ఉత్తరాలు రాసినవాళ్ళు అడిగిన ప్రశ్నా, మా నాన్న ఆ జవాబూ నాకు ఒకేలా వినిపించాయి. కుర్రాడు దొంగ అని తేలితే మనకి కొంచెం ఊపిరాడుతుంది. ఆవిడకి చిల్లంగి వచ్చునేమో అనుకుంటే మా నాన్నకి నిద్ర పట్టింది. ఆ రచయిత ఆ ఒక్క సంగతి చెప్పకుండా వదిలేశారు. మన కోపమంతా దానికేనని నా అభిప్రాయం. కారణం ఉన్న క్రూరత్వాన్ని కారా మేస్టారు చూపించారు, అలాంటిది చదివి మనం బాకీల మీద, భూస్వాముల మీద కోపం తెచ్చుకోగలం. ఇక్కడ కోపం తెచ్చుకోడానికి ఇంకెవరూ లేరు. ఫోన్ పట్టుకున్నవాడు ఉన్నాడు, పట్టుకారు ఇచ్చిన పిల్ల ఉంది. హెడ్మాస్టరు గారికి ఇదే చెప్పాను, మా నాన్న సంగతి తప్ప. ఆయన ఒప్పుకోలేదు. "భయపెట్టడం వేరు, బోధపరచడం వేరమ్మా" అన్నారు. మా వాదన ఇంకా తెగలేదు.

క్రూరమైన కథలన్నీ ఒక గాటన కట్టను నేను. కొట్టడాన్ని మూడు పేజీలు రుచిగా వర్ణించి, చివర ఒక పేరాలో నీతి చెప్పే రచనలు వస్తుంటాయి. అలాంటివి నా చేతుల మీదుగా చాలా వెళ్ళాయి, వాటిని చదివినవాళ్ళు ఎవరూ కలత పడి నా దగ్గరకి రాలేదు. ఇంకోటి ఉందా అని అడిగారు, అంతే. మీరు వేసిన కథలో దెబ్బల వర్ణన నాలుగు వాక్యాలు దాటలేదు. చదివిన రోజే నేను లెక్కపెట్టాను. ఎక్కువ చోటు ఆ నీళ్ళ చెంబుకే ఇచ్చారు.

ఇంకో మాట. చిల్లంగి అనుమానంతో ఎవరినో కొట్టారనే వార్త మన్యం వైపు నుంచి ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తూనే ఉంది. జిల్లా పేజీలో, అడుగున, నాలుగైదు లైన్లు. రోజూ ఆ పేపర్లు పరిచే మనిషిని కాబట్టి నాకు తెలుసు, ఆ వార్త దగ్గర ఎవరూ ఆగరు. ఆ వార్త వేసినందుకు పేపరు మానేసినవాళ్ళని నేను చూడలేదు. అలాంటి సంగతే కథగా వస్తే హెడ్మాస్టరు గారి చేతులు వణికాయి. ఆయన రాత్రి నిద్రపోలేదని ఆయన భార్య నాతో అంది. ఆయన మీద నాకు గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు.

మీరు చర్చ ముగించిన వారంలోనే మా వరండాలో ఏం జరిగిందో కూడా రాస్తాను. ఆ నెల ఈ కథే చదువుదామనుకున్నాం గానీ పేజీ లేదు కదా, నాకు గుర్తున్నంతవరకు నోటితో చెప్పాను. చెప్పడం అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. ఆటో అతను చెప్పులేసుకుని మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. నిలబడే అన్నాడు: "నాను కూడా ఓపాలి తీసేనమ్మగోరూ వీడియో. స్టేషను కాడ. గ్రూపులో ఎట్టేను. శానామంది చూసేరు." కాసేపు ఆగి, "ఆ కుర్రోడు ఆ తర్వాత ఏటైపోయేడో నాకు తెలీదు" అన్నాడు. టిఫిన్ దుకాణం ఆవిడ అతన్ని కూర్చోమంది. అతను కూర్చోలేదు, రైలు టైమైందని వెళ్ళిపోయాడు. నా పట్టుకారు సంగతి నేను అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. ఇంటికొచ్చాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

జనం నోరు విప్పుతున్న వేళకి మీరు తలుపు మూశారని నా బాధ. వచ్చిన ఉత్తరాలన్నీ వెయ్యండి. మెచ్చుకున్నవాటి కన్నా తిట్టినవాటికే ఎక్కువ చోటివ్వండి. హెడ్మాస్టరు గారు మీకు రెండు పేజీలు రాశారు, పంపే ముందు నాకు చూపించారు. అందులో 'యజ్ఞం' గురించి చాలా మంచి మాటలు రాశారు. మీరు వేసింది మూడు లైన్లు, పేపరు మానేస్తున్నానన్న ముక్క ఒక్కటే. దాంతో ఆయన ఊరందరికీ ఓర్పులేని ముసలాయనలా కనబడ్డారు. ఆయన అలాంటి మనిషి కాదు. ఆ ఉత్తరం మీ ఆఫీసులో ఇంకా ఉంటే పూర్తిగా వెయ్యండి. నాది కత్తిరించాల్సి వస్తే నాది కత్తిరించండి.

ఎంపికలో జాగ్రత్త అన్నారు. దానికి అర్థం ఇలాంటివి ఇక రావనే కదా. ఇంకెక్కడో కూర్చుని ఇలాంటి కథ రాస్తున్నవాళ్ళు మీ రెండు వాక్యాలు చదివి కలం పక్కన పెట్టేస్తే ఎలా? పిల్లల పేజీ అటు జరపండి, కావాలంటే కథ పైన ఒక మాట రాయండి, పెద్దవాళ్ళ కోసమని. కథలు మాత్రం ఆపకండి.

చివరగా ఒక సాయం. ఆ ఆదివారం అనుబంధం మిగిలి ఉంటే ఒక ప్రతి మా శాఖా గ్రంథాలయానికి పంపించండి. పోస్టు ఖర్చులు నేను పెట్టుకుంటాను. వచ్చే రెండో ఆదివారం వరండాలో చదువుతాం. హెడ్మాస్టరు గారిని చదవమని అడిగాను. ఆలోచిస్తానన్నారు.

ఇట్లు,
మీ పాఠకురాలు, విశ్రాంత గ్రంథపాలకురాలు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా